ఒకే పోత, మూడు రంగులు: ఇంటి వర్క్‌షాపుకు లేత్ వెతికిన ఎనిమిది నెలలు

వైసు, బెంచ్ గ్రైండరు, డ్రిల్లింగ్ మెషీను సమకూరిన తరువాత నా చూపు లేత్ మీద, అంటే లోహపు కడ్డీని తిప్పుతూ టూలుతో కోసి ఆకారమిచ్చే యంత్రం మీద పడింది. ఇత్తడి బుష్‌లు, చిన్న పుల్లీలు, అరిగిపోయిన పంపు షాఫ్టుకు బదులు కొత్తది, ఎప్పటికైనా ఒక చిన్న ఆవిరి ఇంజను నమూనా: నేను చేయదలచిన పనులు ఇంతవరకే. వీటికి తగిన యంత్రాన్ని ఎంచుకోవడానికి రెండు వారాలు చాలుననుకున్నాను కానీ ఎనిమిది నెలలు పట్టింది. అందులో మొదటి మూడు నెలలూ పోల్చకూడని వాటిని పోలుస్తూ గడిపానని ఇప్పుడు తెలుస్తోంది కనుక, అదే దారిలో బయలుదేరేవారికి కొంత తిరుగుడైనా తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

మొదట చేసిన పని పెద్ద పట్టిక ఒకటి వేయడం. పదకొండు లేత్‌ల వివరాలను గళ్ళలో నింపుతూ పోగా, మూడు వరుసలు అంకె తేడా లేకుండా ఒకేలా వచ్చాయి. స్పిండిల్ (కడ్డీని తిప్పే బోలు ఇరుసు) రంధ్రం అంతే, బరువు అంతే, వేగాల పరిధి అంతే. పేర్లూ రంగులూ వేరు, ధరల మధ్య మాత్రం చాలా దూరం. ఫొటోలను పెద్దవి చేసి చూస్తే టెయిల్‌స్టాక్ (కడ్డీ అవతలి కొసకు ఊతమిచ్చే భాగం) పిడి వంపు దగ్గర నుంచి గేరు మూత మీది మరల స్థానం దాకా ఏమీ మారలేదు. ఇందులో రహస్యమేమీ లేదు. మినీ లేత్ పేరుతో ప్రపంచమంతటా అమ్ముడయ్యే చిన్న యంత్రాలలో అధిక భాగం చైనాలోని కొద్ది కర్మాగారాల నుంచే వస్తాయి. షాంఘైలోని సీగ్ వాటిలో బాగా తెలిసిన పేరు. దిగుమతి చేసుకునేవారు తాము కోరిన రంగు వేయించి, తమ పేరు అతికించి అమ్ముతారు.

అలాగని ఒకే పోత నుంచి వచ్చినవన్నీ ఒకే యంత్రమని తేల్చేయడం కూడా పొరపాటే. ఏ బేరింగులు వేయాలి, తిప్పే పిడి దగ్గరి డయల్ మీది గీతలు మిల్లీమీటర్లలో ఉండాలా అంగుళాలలో ఉండాలా, మోటారు బ్రష్‌లు ఉన్నదా లేనిదా, చక్ (కడ్డీని దవడలతో పట్టే భాగం) ఏ స్థాయిది, పెట్టెలో వెంట ఏమేమి రావాలి అన్నవి ఆర్డరు పెట్టేవారు నిర్ణయిస్తారు. పెట్టె దిగిన తరువాత దానిని విప్పి, స్పిండిల్‌ను డయల్ గేజ్‌తో (సూక్ష్మమైన తేడాను ముల్లుతో చూపే పరికరం) కొలిచి, లోపమున్నదాన్ని పక్కన పెట్టేవారు కొందరు; పెట్టె మీది చిరునామా చీటీ మార్చి అలాగే పంపేవారు మరికొందరు. నేను మూడు లేత్‌లను పోలుస్తున్నాననుకున్నాను గానీ, నిజానికి పోలుస్తున్నది ముగ్గురు డీలర్లను. ఈ సంగతి తెలిసిన రోజున పట్టికను రెండుగా విడదీసి, యంత్రం ఏ పరిమాణంలో ఉండాలన్న ప్రశ్నను ఒకవైపు, ఎవరి దగ్గర కొనాలన్న ప్రశ్నను మరోవైపు పెట్టుకున్నాను.

పరిమాణం విషయంలో తొలి చిక్కు పేర్లలోనే ఉంది. బ్రిటిష్ సంప్రదాయంలో లేత్ పరిమాణాన్ని బెడ్ (యంత్రం అడుగున ఉండే పొడవైన పోత పట్టాలు) నుంచి స్పిండిల్ కేంద్రం దాకా ఉన్న ఎత్తుతో చెబుతారు. అమెరికన్ సంప్రదాయంలో బెడ్ మీద తిరగగల అత్యధిక వ్యాసంతో, అంటే స్వింగ్‌తో చెబుతారు. 1946లో వచ్చిన మైఫర్డ్ ఎంఎల్7 అనే బ్రిటిష్ యంత్రాన్ని 3½ అంగుళాల లేత్ అంటారు; అమెరికన్ లెక్కలో అది 7 అంగుళాల యంత్రం. ఈ తేడా తెలియక నేను ఒక పాత యంత్రాన్ని బొమ్మలాంటిదని రెండు వారాలపాటు పక్కన పెట్టేశాను.

స్వింగ్ కూడా పూర్తి నిజం చెప్పదు. 180 మి.మీ. స్వింగ్ ఉన్న మినీ లేత్‌లో క్రాస్ స్లైడ్ (టూలును అడ్డంగా జరిపే భాగం) మీదుగా వెళ్ళగలిగేది సుమారు 110 మి.మీ. మాత్రమే. చక్‌కు దగ్గరగా పట్టుకున్న పలుచని పళ్ళాన్ని టూలు ముందుకు చాపి తిప్పవచ్చు గానీ, పొడవైన జాబ్ (కోతకు పట్టిన ముక్క) అయితే ఈ రెండో అంకె దాటి పోలేదు. కేంద్రాల మధ్య దూరం అనే అంకె ఇంతకంటే ఎక్కువ మోసం చేస్తుంది. అది 350 మి.మీ. అని రాసి ఉంటే 350 మి.మీ. కడ్డీకి రంధ్రం వేయవచ్చనుకుంటాము. ఆ దూరాన్ని రెండు సెంటర్ల (కడ్డీని ఇరు కొసలా పట్టే మొనదేలిన ముక్కలు) మొనల మధ్య కొలుస్తారు. చక్ మందం 70 మి.మీ. దాకా తినేస్తుంది, టెయిల్‌స్టాక్‌లో బిగించిన డ్రిల్ చక్ మరో 90, అందులోని డ్రిల్ బిట్ ఇంకో 90 తీసుకుంటాయి. చివరికి జాబ్‌కు మిగిలేది 100 మి.మీ. కాగితం మీద చూసినప్పుడు చాలా ఎక్కువనిపించిన యంత్రం, ఈ తీసివేత చేసిన తరువాత నా పంపు షాఫ్టుకే చాలకుండా పోయింది.

నా విషయంలో పరిమాణాన్ని తేల్చినది స్వింగూ కాదు, పొడవూ కాదు, స్పిండిల్ రంధ్రం. మినీ లేత్‌లలో అది సాధారణంగా 20 మి.మీ. ఉంటుంది. పొడవైన కడ్డీని స్పిండిల్ గుండా వెనక్కి దూర్చి, పని జరిగే కొసను మాత్రమే చక్ బయట ఉంచగలిగితే సగం కష్టం తీరినట్లే, ఎందుకంటే ప్రతి ముక్కనూ ముందే కోసుకోనక్కరలేదు, టెయిల్‌స్టాక్ ఆధారమూ చాలాసార్లు అవసరం పడదు. నా దగ్గర పోగైన కడ్డీలలో ఎక్కువ భాగం 25 మి.మీ. వ్యాసం ఉన్నవి. 250 మి.మీ. స్వింగ్ తరగతి యంత్రాలలో ఈ రంధ్రం 26 మి.మీ. ఉంటుంది. ఆరు మిల్లీమీటర్ల తేడా కోసం నలభై కిలోల యంత్రం నుంచి నూట పది కిలోల పైబడిన యంత్రానికి వెళ్ళవలసి వచ్చింది.

ఆ బరువు నష్టమేమీ కాదు. లేత్‌లో పోత ఇనుము ఎంత ఎక్కువగా ఉంటే కోత సమయంలో అదురు అంత తగ్గుతుంది. ముఖ్యంగా పార్టింగ్ టూలుతో ఉక్కు కడ్డీని తెంపేటప్పుడు తేలిక యంత్రం వణికిపోతుంది, టూలు జాబ్‌లోకి దిగబడి విరుగుతుంది. ఒకే స్వింగ్ ఉన్న రెండు లేత్‌లలో ఏది మేలని ఒక్క అంకె చూసి చెప్పమంటే నేను బరువునే అడుగుతాను, స్టాండు బరువు కలపకుండా.

మోటారు దగ్గర నేను మోసపోబోయి ఆగాను. మొదటి డీలర్ తన యంత్రానికి 600 వాట్ల మోటారు ఉందని, పక్కవాడిది తక్కువని ఊదరగొట్టాడు. ఎలక్ట్రానిక్ నియంత్రణతో వేగం మార్చే మోటారు తక్కువ వేగంలోనూ దాదాపు అదే టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది తప్ప అంతకుమించి ఇవ్వదు కనుక, వేగం తగ్గినకొద్దీ శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. స్పిండిల్ నిమిషానికి 2500 చుట్లు తిరిగేటప్పుడు 600 వాట్లు ఇచ్చే ఏర్పాటు, బెల్టు గానీ గేరు గానీ మార్చకుండా 100 చుట్లకు దించితే 24 వాట్లే ఇస్తుంది. మరలు (స్క్రూ చుట్లు) కోయడం, పెద్ద వ్యాసం ఉన్న ఉక్కును తిప్పడం వంటి కష్టమైన పనులన్నీ తక్కువ వేగంలోనే ఉంటాయి. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలుతో 50 మి.మీ. మైల్డ్ స్టీల్ కడ్డీని నిమిషానికి 28 మీటర్ల కోత వేగంతో తిప్పాలంటే స్పిండిల్ సుమారు 180 చుట్లు తిరిగితే చాలు. అందుచేత వాట్ల కంటే ముందు అడగవలసినది, వేగాన్ని బెల్టుతోనో గేరుతోనో తగ్గించే ఏర్పాటు ఉందా, ఉంటే ఎంత నిష్పత్తిలో అన్నది. అదీగాక కొందరు మోటారు కరెంటు తీసుకునే శక్తిని రాస్తారు, కొందరు అది బయటికిచ్చే శక్తిని రాస్తారు; ఈ రెండింటినీ ఒకే గడిలో వేసి పోల్చితే ఏమీ తేలదు.

మరలు కోసే సంగతి మరింత లోతైనది. లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు టూలును నడిపే పొడవైన స్క్రూ) పిచ్, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, అంగుళాలదైతే మిల్లీమీటర్ల మరలు కోయడానికి 127 పళ్ళ గేరు కావాలి. అంగుళానికి 25.4 మి.మీ., దానిని ఐదుతో గుణిస్తే 127. పూర్ణసంఖ్యగా వచ్చేది అక్కడే. అంత పెద్ద గేరు చిన్న లేత్‌లో పట్టదు కనుక చాలామంది 63 పళ్ళ గేరుతో సరిపెడతారు. దానికి 80 పళ్ళ గేరును జత చేస్తే, 80ని 63తో భాగించగా 1.26984 వస్తుంది, కావలసినది 1.27, తప్పు ఎనిమిది వేలలో ఒక వంతు. వంద మిల్లీమీటర్ల మర మీద అది 0.0125 మి.మీ. మాత్రమే కాబట్టి బోల్టులకూ నట్టులకూ అది లెక్కలోకి రాదు. అసలు ఇబ్బంది గేరు పళ్ళలో లేదు: లీడ్ స్క్రూ ఒక కొలతలో, కోసే మర మరో కొలతలో ఉన్నప్పుడు మధ్యలో హాఫ్ నట్ (క్యారేజ్‌ను లీడ్ స్క్రూకు కలిపే రెండు సగాల నట్టు) విప్పడం కుదరదు, ప్రతి కోత తరువాతా మోటారును వెనక్కి తిప్పుతూ క్యారేజ్‌ను, అంటే టూలును మోస్తూ బెడ్ మీద జరిగే భాగాన్ని, మొదటికి తెచ్చుకోవాలి. నేను కోయబోయే మరలు దాదాపు అన్నీ మిల్లీమీటర్లవే కనుక మిల్లీమీటర్ల లీడ్ స్క్రూ తప్పనిసరి అని రాసుకున్నాను.

వెనక్కి తిప్పడం అనగానే చక్ స్పిండిల్‌కు ఎలా పడుతుందన్నది గుర్తుకు రావాలి. మైఫర్డ్ వంటి పాత యంత్రాల స్పిండిల్ ముక్కు మీద మర ఉంటుంది, చక్‌ను దాని మీద తిప్పి బిగిస్తారు; వెనక్కి తిరుగుతూ కోత పెడితే అది ఊడివచ్చే ప్రమాదం ఉంది. ఫ్లాంజ్‌కు (స్పిండిల్ కొసనున్న పళ్ళెం) బోల్టులతో బిగించేవి క్షేమమే గానీ చక్ మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ వేళ్ళు దూరని చోట నట్టులతో కుస్తీ పట్టాలి. డి1-4 క్యామ్‌లాక్ (తాళంలా తిప్పి బిగించే పద్ధతి) అన్నిటికంటే సుఖమైనది, అయితే అది నా పరిమాణం కంటే పెద్ద యంత్రాలలోనే ఎక్కువగా కనబడుతుంది. నేను బోల్టులతో సరిపెట్టుకున్నాను.

డయల్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కొన్ని మినీ లేత్‌లలో క్రాస్ స్లైడ్ స్క్రూ పిచ్ 1 మి.మీ. ఉండగా, దాని మీది డయల్‌ను అంగుళాలలో 0.040గా గీస్తారు. ఒక చుట్టుకు నిజంగా జరిగేది 0.03937 అంగుళం. ఒక చుట్టుకు తేడా స్వల్పమే అయినా చుట్లు పెరిగేకొద్దీ అది పోగవుతుంది, మైక్రోమీటరు చేతిలో ఉన్న కొత్తవాడు తప్పు తనదే అనుకుంటాడు. స్క్రూ పిచ్ ఎంత, డయల్ మీద ఎన్ని గీతలు అని అడిగితే ఈ సంగతి బయటపడుతుంది.

ఇక డీలర్ల విషయం. ముగ్గురికీ ఒకే ఉత్తరం పంపాను. క్రాస్ స్లైడ్ స్క్రూ పిచ్, డయల్ గీతలు ఎన్ని, స్పిండిల్ బేరింగుల నంబరు, నియంత్రణ బోర్డు కాలిపోతే మరొకటి మీ దగ్గర ఇప్పుడు నిలవ ఉందా, యంత్రంతో వచ్చే కొలతల పరీక్ష పత్రం ఆ యంత్రానిదా లేక అన్నిటికీ ఒకటేనా, స్టాండు లేకుండా బరువు ఎంత. ప్రశ్నలకు జవాబులు ముఖ్యమే, అయితే నేను ఎక్కువగా గమనించినది జవాబిచ్చిన తీరును. మొదటి డీలర్, అదే 600 వాట్లాయన, ఒక్క ప్రశ్నకూ జవాబివ్వకుండా కేటలాగు పేజీ మళ్ళీ పంపి, ఈ వారంలో కొంటే తగ్గింపు ఇస్తానన్నాడు. రెండో చోట ఫోను ఎత్తినవారు మర్యాదగా మాట్లాడారు గానీ, బేరింగు నంబరు అడిగితే అది కర్మాగారం వారికే తెలియాలన్నారు. మూడో డీలర్ నాలుగు రోజులు ఆలస్యంగా రాశాడు. అయినా గోదాములో ఒక యంత్రం మూత విప్పి బేరింగు మీది నంబరు చదివి మరీ రాశాడు. అడగకుండానే మరో రెండు సంగతులు చేర్చాడు: టెయిల్‌స్టాక్ బిగించే ఏర్పాటు బలహీనమైనదని, వెంట వచ్చే టూల్ పోస్టుకు (టూలును పట్టి ఉంచే దిమ్మ) అలవాటు పడకముందే త్వరగా మార్చుకునే రకం ఒకటి కొనుక్కోవడం మంచిదని.

తన సరుకులోని లోపాన్ని ముందే చెప్పేవాడు అమాయకుడు కాడు, ఆ లోపం గురించి పదిమందితో ఇదివరకే మాట్లాడి ఉన్నవాడు. విడిభాగాలు ఉన్నాయా అన్న ప్రశ్నకు ఉన్నాయని అందరూ అంటారు కనుక, నేను ఒక హాఫ్ నట్ జత, ఒక నియంత్రణ బోర్డు ధర చెప్పమని విడిగా అడిగాను. నిలవ ఉంటే ఆ పూటే ధర వస్తుంది. మొదటి ఇద్దరి నుంచి అది ఇప్పటికీ రాలేదు.

బేరింగు నంబరు కోసం ఎందుకంత పట్టుబట్టానన్న సందేహం రావచ్చు. మినీ లేత్‌లలో చాలావాటికి 6206 అనే మామూలు బాల్ బేరింగులు వేస్తారు. స్పిండిల్ మీద కోత ఒత్తిడి రెండు దిశలలో పడుతుంది కనుక అక్కడ టేపర్ రోలరు బేరింగులు ఉంటే గట్టిదనం పెరుగుతుంది. అందుకే కొన్న తరువాత 30206 రకం వేసుకునేవారు చాలామంది. ఆ కొత్త బేరింగు మందం పాతదాని కంటే ఒక మిల్లీమీటరుకు పైగా ఎక్కువ కాబట్టి స్పేసర్లను (మధ్యలో ఎడం నింపే ఉంగరాలు) కోసుకోవాలి, ఆ కోతకు లేత్ కావాలి, ఆ లేత్ అప్పటికి విప్పి బల్ల మీద ఉంటుంది. ఈ పనిని కొనకముందే తప్పించుకోవడం మేలనిపించింది.

పాత యంత్రం చూడకుండా కొత్తదాని మీద తీర్పు చెప్పడం న్యాయం కాదని ఒక పాత సామాన్ల డీలర్ దగ్గరికీ వెళ్ళాను. జీవితమంతా లేత్ మీద నిలబడి పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక టర్నర్ గారు వెంట వచ్చారు. యంత్రం ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతోంది. నేను దాని చుట్టూ తిరుగుతుంటే ఆయన, "రంగు సంగతి తరువాత చూద్దాం బాబూ, ముందు ఆ క్యారేజ్ కాస్త జరుపు" అన్నారు. చక్ దగ్గర జిబ్ మరలను (జారే భాగాల వదులు సరిచేసేవి) ఆట లేకుండా బిగించి, క్యారేజ్‌ను టెయిల్‌స్టాక్ వైపు నెట్టమన్నారు. సగం దూరం పోయేసరికి అది బిగుసుకుపోయి కదలలేదు. పని ఎప్పుడూ చక్ దగ్గరే జరుగుతుంది కనుక బెడ్ అక్కడే అరుగుతుంది; అవతలి కొస కొత్తదానిలాగే ఉంటుంది. అక్కడ బిగుతు సరిచేస్తే ఇక్కడ వదులు, ఇక్కడ సరిచేస్తే అక్కడ పట్టేస్తుంది. లీడ్ స్క్రూ మీద కూడా చక్ వైపు మర అంచులు పలచబడ్డాయి. ఆయన ఆ తరువాత మూత తెరిపించి, బ్యాక్ గేరు (వేగం తగ్గించే గేరు) పళ్ళను వేలితో ఒక్కొక్కటిగా తడుముతూ వచ్చి ఒక చోట ఆగారు. ఒక పన్ను విరిగితే అతికించి, ఆకురాయితో అరగదీసి ఉంది.

బెడ్ అరగని పాత యంత్రం దొరికితే, అదే డబ్బుకు వచ్చే కొత్త చిన్న లేత్ దాని ముందు నిలవదన్నది ఇప్పటికీ నా అభిప్రాయం. విడిభాగాల భయం కూడా అన్నిటికీ వర్తించదు. మైఫర్డ్ పాత సంస్థ 2011లో మూతపడినా ఆ పేరు కొన్నవారు భాగాలు అమ్ముతూనే ఉన్నారు. అయితే బెడ్‌ను గ్రైండింగ్ చేయించే స్తోమత గానీ, తెలిసిన చోటు గానీ నాకు లేవు. మరో రెండు చోట్ల చూసి, పాతవాటి వెంట తిరగడం మానేశాను.

ఖర్చు లెక్క వేసేటప్పుడు యంత్రం ధరనే చూసుకుంటే, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు అవుతుంది. నాలుగు దవడల చక్, టూల్ పోస్టు, టూలు బిట్లు, డ్రిల్ చక్, లైవ్ సెంటరు, డయల్ గేజ్, దానికి అయస్కాంత స్టాండు, స్టెడీ రెస్టు (పొడవైన కడ్డీకి ఊత) అన్నీ కలిపితే యంత్రం ధరలో సగానికి వచ్చాయి. రెండో డీలర్ యంత్రంతో పాటు చాలా సామాను ఉచితమన్నాడు గానీ, ఆ జాబితాలో సగం ఆకురాళ్ళు, స్పానర్లు, నూనె డబ్బా. మూడో డీలర్ ధర ఎక్కువే. అందులో మూడు దవడల చక్‌తో పాటు నాలుగు దవడలది, ఫేస్ ప్లేటు, రెండు రెస్టులు కలిసి ఉన్నాయి. తీసివేతలన్నీ అయ్యాక ఇద్దరి మధ్య మిగిలిన తేడా నేను ఊహించిన దానిలో నాలుగో వంతు కూడా లేదు. అతని దగ్గరే కొన్నాను.

పెట్టె వచ్చిన రోజున మోటారు, చక్, టెయిల్‌స్టాక్ విడదీసి ఇద్దరం మోసి బల్ల మీదికి ఎక్కించాము. తుప్పు పట్టకుండా పూసిన గ్రీజును కిరోసిన్‌తో కడుగుతుంటే ఏప్రాన్ (క్యారేజ్ ముందు వేలాడే పెట్టె) లోపల ఇసుకలాంటి రవ్వలు దొరికాయి, దానిని పూర్తిగా విప్పి తుడిచి మళ్ళీ బిగించాను. స్పిండిల్ టేపరులో (వాలుగా సన్నబడే రంధ్రం) డయల్ గేజ్ ముల్లు 0.01 మి.మీ. లోపే ఆడింది, పరీక్ష పత్రంలో రాసిన అంకె కూడా అదే. ఆ తరువాత 30 మి.మీ. ఉక్కు కడ్డీని టెయిల్‌స్టాక్ ఆధారం లేకుండా చక్‌లో పట్టించి, మధ్య భాగాన్ని కాస్త లోతుగా తీసి, వంద మిల్లీమీటర్ల దూరంలో రెండు పట్టీలు మిగిల్చి, రెండింటి మీదా టూలు కదపకుండా ఒకే పలుచని కోత నడిపి కొలిచాను. రెండు వ్యాసాలకు 0.03 మి.మీ. తేడా వచ్చింది. తప్పు యంత్రానిదే అని ఉత్తరం రాయబోయి, ముందు బల్ల మీద దాని కూర్పు చూడాలనుకున్నాను. టెయిల్‌స్టాక్ వైపు ఒక మూల పాదం కింద పలుచని రేకు పెట్టి, బోల్టులు బిగించి మళ్ళీ కోస్తే తేడా 0.01కి, మూడోసారికి 0.005కు దిగింది. బల్ల సమతలంగా లేక బెడ్ మెలిపడింది, అంతే.

టెయిల్‌స్టాక్ సెంటరు మాత్రం స్పిండిల్ సెంటరు కంటే 0.03 మి.మీ. ఎత్తుగా ఉంది. ఇది రేకులతో సరిపోయేది కాదు కనుక డీలర్‌కు ఫోను చేశాను. అతను అడిగిన మొదటి ప్రశ్న, తేడా పైకా కిందికా అని. కిందికి ఉంటే వెంటనే మార్చి పంపేవాడినని, టెయిల్‌స్టాక్ బెడ్ మీద జరిగి జరిగి అడుగు అరిగేకొద్దీ కిందికే దిగుతుంది కాబట్టి కొత్తగా ఉన్నప్పుడు మిల్లీమీటరులో కొన్ని శతాంశాల ఎత్తు కావాలనే వదులుతారని, దాన్ని ముట్టుకోవద్దని చెప్పాడు. ముట్టుకోలేదు. మర్నాడు ఆ 25 మి.మీ. కడ్డీలలో ఒకటి స్పిండిల్ గుండా దూర్చి పంపు షాఫ్టు మొదలుపెట్టాను.